నాయన కెమెరా ఎవరిది?



ఈ సంచికకు ఏదైనా వ్రాయమని అడిగినప్పుడు మేము మొదట బడి సంగతులు వ్రాద్దామనుకొన్నాము. ఉపాధ్యాయ శిక్షణ పొంది ముప్పై రెండేండ్లు పిల్లలకు పాఠం చెప్పినవారము గనుక ఆ సంగతులకు మాకు కొదవ లేదు. కాని గడచిన కొన్నేండ్లుగా ఒక చిన్న వస్తువు మా మనస్సును పట్టుకొని విడువలేదు. అది మా నాయనగారి పాత కెమెరా. దానిని బాగుచేయించబోయి మేమొక ప్రశ్నలో పడ్డాము. ఆ ప్రశ్న మా యింటిది మాత్రమే కాదనీ, సొంత ఊరు విడిచి వచ్చిన మనలో అనేకుల యిండ్లలో, ట్రంకు పెట్టెల అడుగున, అటువంటిదే ఒకటి ఉండి ఉంటుందనీ తోచి ఇక్కడ వ్రాస్తున్నాము.

ప్రశ్న యిది. మన పెద్దలు మనకు విడిచి వెళ్లిన వస్తువుతోపాటు, ఆ వస్తువు మీద ఇతరులకున్న హక్కు కూడా మనకు సంక్రమిస్తుందా?

మా నాయన 1950వ దశకంలో కరీంనగర్ జిల్లా నుండి బల్లార్‌పూర్ బొగ్గు గనికి పనికి వచ్చారు. అప్పుడు మన చంద్రపూర్‌ను చాందా అనేవారు. 1929లో కాజీపేట–బల్లార్షా రైలుమార్గం పూర్తయి మద్రాసుకు, ఢిల్లీకి నేరుగా బండి నడిచిన నాటినుండి మనవాళ్ళకు ఈ దారి దగ్గరయింది. వార్ధా నది అవతల ఉన్న రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాదు జిల్లాలోనిదే. అందుచేత ఇక్కడ తెలుగు మాట వినబడడం కొత్త కాదు. అయినా గనిలో చేరినవారికి ఊరు ఊరే, గని గనే. నెలకొకసారి మనియార్డరు, ఎప్పుడో ఒక కార్డు ముక్క. మనిషి ఎట్లున్నాడో చూడాలంటే ఫోటో ఒక్కటే దిక్కు.

ఆ ఫోటోలు తీసినవారిలో మా నాయన ఒకరు. ఆయన దీపాల గదిలో పనిచేసేవారు. ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత తెల్ల దుప్పటి ఒకటి గోడకు కట్టి, గనివారిని వరుసగా నిలబెట్టి ఫోటో తీసేవారు. ఒక్కొక్క ఫోటోకు రూపాయిన్నర. లేనివారి దగ్గర తీసుకొనేవారు కారు. క్రిస్మస్‌నాడు సంఘమంతటినీ మందిరం ముందు కూర్చోబెట్టి ఒకటి తీసేవారు. మనలో పెద్దవారి యిండ్లలో గోడమీద ఇప్పటికీ వేలాడుతున్న ఆ చదరపు నలుపు తెలుపు ఫోటోలు చాలావరకు ఆ కెమెరాతో తీసినవే.

అది జర్మనీలోని మ్యూనిక్ నగరంలో చేసిన ఆగ్ఫా ఇసొలెట్. మూస్తే అరచేతిలో పట్టే పెట్టె. మీట నొక్కితే ముందు తలుపు తెరచుకొని, మడతల గొట్టం వెంట లెన్సు బయటికి వస్తుంది. 120 అనే రోలు వేసుకొంటే పన్నెండు బొమ్మలు వస్తాయి, ఒక్కొక్కటి ఆరు సెంటీమీటర్ల చదరం. వెనుక ఎర్ర గాజు కిటికీలో అంకె చూసుకొంటూ రోలు తిప్పాలి. ఇందులో బ్యాటరీ లేదు, వెలుతురును కొలిచే పరికరం లేదు. ఎండ చూసి, దూరం అంచనా వేసి, మనిషే అన్నీ లెక్క కట్టుకోవాలి. మా నాయన మొదట విదేశీ రోళ్లు వాడేవారు. ఊటీలో 1960లో స్థాపించిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కర్మాగారం 1967లో ఉత్పత్తి మొదలుపెట్టిన తరువాత ‘ఇందు’ రోళ్లు వాడారు. ఆ కర్మాగారం కూడా ఇప్పుడు మూతబడింది.

నాయన 1991లో ప్రభువునందు నిద్రించారు. కెమెరా ట్రంకు పెట్టెలోకి వెళ్ళింది. మేము ఉద్యోగ విరమణ చేసిన తరువాత, 2022 వేసవిలో, పెట్టె సర్దుతూ దానిని బయటికి తీశాము. లెన్సు ముందరి రింగు కదలలేదు. షట్టరు సగం తెరచుకొని ఆగిపోయింది. తోలు సంచి కుట్లు ఊడిపోయి ఉన్నది. మనుమడు దానిని చేతిలో పట్టుకొని “ఇది పనిచేస్తదా తాతా?” అని అడిగాడు. పనిచేయదు అని చెప్పడానికి మాకు సిగ్గనిపించింది.

మొదట ఇక్కడే ఒక దుకాణంలో ఇచ్చాము. ఆ అబ్బాయి మంచి మనస్సుతోనే షట్టరు రేకుల మీద కుట్టుమిషను నూనె వేశాడు. రెండు రోజులు టక్కుటక్కుమని పనిచేసి, మూడవనాడు పూర్తిగా అంటుకుపోయింది. షట్టరు రేకులు పొడిగా ఉండాలి. నూనె పడితే అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అందులో మన ఊరి గాలిలో బొగ్గు నుసి ఉండనే ఉన్నది. నూనె, నుసి కలిస్తే జిగురే. బాగుచేయాలనే ఆత్రంతో చేసిన పని చాలాసార్లు చెడగొట్టిన పనికంటె ఎక్కువ నష్టం చేస్తుందని మేమక్కడ మొదటిసారి నేర్చుకొన్నాము.

తరువాత నాగపూర్‌లో ఒక వృద్ధ మెకానిక్కు దొరికారు. ఆయన కెమెరాను చెవి దగ్గర పెట్టుకొని విన్నారు. రింగును రెండు వేళ్లతో తాకి చూశారు. “ఇది పాడు కాలేదండి, బిగుసుకుపోయింది” అన్నారు. ఈ జాతి కెమెరాలన్నిటికీ వచ్చే జబ్బే అది. లెన్సు మరల మీద కర్మాగారంలో వేసిన ఆకుపచ్చ గ్రీజు యేండ్లు గడిచేకొద్దీ గట్టిపడి లక్కవలె అవుతుంది. వేసవిలో 47 డిగ్రీలు దాటే మన చంద్రపూర్ ఎండలో ట్రంకు పెట్టెలో ముప్పై యేండ్లున్న గ్రీజు సంగతి చెప్పనే అక్కరలేదు. బలవంతంగా తిప్పితే ముందరి గాజుతోపాటు దాని వెనుక గాజు కూడా తిరిగిపోయి, ఇక బొమ్మ ఎప్పటికీ స్పష్టంగా రాదు.

ఆయన చేసిన పని మేము ప్రక్కన కూర్చొని చూశాము. రింగు చుట్టూ ఉన్న మూడు చిన్న మరలు విప్పి దానిని తీశారు. గ్రీజు కరిగే ద్రవం చుక్క చుక్కగా వేసి, వెచ్చని గాలి పట్టించి, ఆ రాత్రికి అట్లాగే వదిలిపెట్టారు. మర్నాడు మళ్ళీ అదే. మూడవనాడు అది తనంతట తానే విడిచినట్లు విడిచింది. మరలలోని ఆకుపచ్చ పొరను పుల్లతో, గుడ్డతో తుడిచి కొత్త గ్రీజు పలుచగా వేశారు. షట్టరు రేకులను కడిగి పొడిగా ఆరబెట్టారు. లెన్సు లోపలి గాజు మీద వానాకాలపు తేమకు పట్టిన బూజును తుడిచారు. బూజు గాజును కొంచెం తిన్నదని, ఆ మచ్చ పోదని ముందే చెప్పారు. తరువాత చీకటి గదిలో మడతల గొట్టం లోపల చిన్న టార్చిలైటు పెట్టి చూపించారు. మడతల మూలల్లో నక్షత్రాలవలె వెలుతురు చుక్కలు కనబడ్డాయి. ఒక్కొక్క చుక్క ఒక్కొక్క బొమ్మను పాడుచేస్తుంది. ఆ గొట్టం తీసివేసి కొత్తది చేసి అతికించారు. చివరికి ఫిల్ము ఉండే చోట గరుకు గాజు పలక పెట్టి, దూరాన ఉన్న నీళ్ల ట్యాంకు అంచు స్పష్టంగా కనబడేవరకు లెన్సు సరిచేసి, రింగును అక్కడ బిగించారు. ఖర్చు మొత్తం 6,300 రూపాయలయింది.

పై రేకు మీద పూత అరిగిన చోటును మాత్రం ఆయన ముట్టలేదు. కొత్తగా పూత వేయించమంటారా అని మేమే అడిగాము. “అక్కడ మీ నాన్న బొటనవేలు ఉన్నది. దానినెందుకు చెరిపేస్తారు?” అన్నారు.

ఇంతవరకు కథ సంతోషంగానే ఉన్నది. రోలు తెప్పించి పన్నెండు బొమ్మలు తీశాము. తొమ్మిది వచ్చాయి. మిగిలినది తోలు సంచి. దానిని కుట్టించడానికి గాంధీ చౌకు దగ్గర కూర్చొనే చర్మకారుని వద్దకు తీసుకొనిపోయాము. అతడు అడుగు కుట్టు విప్పగానే లోపలి పొర క్రింద నుండి నాలుగు మడతల కాగితం బయటపడింది.

మా నాయన చేతివ్రాత. 1963 ఆగస్టు తేదీ. తనతో పనిచేసే ఒకరికి, మా ప్రాంతంవారే, అరవై రూపాయలు ఇచ్చినట్లు, దానికి హామీగా తోలు సంచితో సహా కెమెరా ఒకటి తీసుకొన్నట్లు, వడ్డీ లేనట్లు, రూపాయలు తిరిగి ముట్టినప్పుడు కెమెరా ఇచ్చివేయవలసినట్లు వ్రాసి ఉన్నది. క్రింద ఆయన వేలిముద్ర, ఊరి పేరు. వెనుక వైపు పెన్సిలుతో ఒక్క ముక్క: 1966లో ఉత్తరం వ్రాసినట్లు, అది తిరిగి వచ్చినట్లు.

సహోదరులారా, ఆ కాగితం చేతిలో పట్టుకొని మేము రోడ్డు ప్రక్కన చాలాసేపు నిలబడిపోయాము. మాకప్పుడు ఒక సంగతి జ్ఞాపకం వచ్చింది. బడిపంతులుగా మేము పిల్లలకు ‘నాది’ అనే మాటకు, ‘నా దగ్గర ఉన్నది’ అనే మాటకు తేడా చెప్పినవారమే. మా నాయన ఎన్నడూ ఆ కెమెరాను ‘నాది’ అనలేదు. ఎవరడిగినా “మా దగ్గర ఒక కెమెరా ఉన్నది” అనేవారు. యేండ్ల తరబడి ఆ మాట విన్నాము గాని తేడా పట్టుకోలేదు.

హైదరాబాదులో ఉన్న మా తమ్మునికి ఫోనుచేసి చెప్పాము. వాడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, “అన్నా, అరవై యేండ్ల తరువాత నాయనను దొంగను చేస్తవా? ఆ కాగితం చింపెయ్. ఎవరడిగిండ్రు నిన్ను?” అన్నాడు. వాని కోపంలో న్యాయం లేకపోలేదు. కెమెరా మా ఒక్కరిది కాదు. తమ్మునిది, చెల్లెలిది కూడా. వాడు చెప్పిన కారణాలను, మా మనస్సులో మేము చెప్పుకొన్న కారణాలను ఒక్కొక్కటిగా ఇక్కడ పెడతాము. మీరు కూడా తూచి చూడండి.

మొదటిది కాలం. అరవై యేండ్లు గడచినవి, ఇంకెక్కడి బాకీ? మాకు తెలిసిన ఒక న్యాయవాదిని అడిగితే ఆయన పుస్తకం తీసి చూపించారు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం తాకట్టు పెట్టిన వస్తువు, గడువు దాటినంత మాత్రాన, తాకట్టు పట్టినవాని సొంతం కాదు. అతడు తగిన నోటీసు ఇచ్చి అమ్ముకోవచ్చును. అమ్మితే బాకీ పోను మిగిలినది అసలువానికి ఇవ్వాలి. అమ్మేవరకు అసలువాడు డబ్బు కట్టి విడిపించుకోవచ్చును. 1963 నాటి కాలపరిమితి చట్టం కూడా, తాకట్టు వస్తువు కోసం దావా వేసే గడువును, అడిగిన తరువాత కాదన్న తేదీ నుండి లెక్కిస్తుంది. మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేము కాదనలేదు. కావున కాలం మా పక్షాన లేదు.

రెండవది మా కష్టం. 6,300 రూపాయలు పెట్టి, మూడుసార్లు నాగపూర్ తిరిగి బాగుచేయించినది మేము. అది లేకపోతే అది ఇనుప ముక్కే. తాకట్టు వస్తువును కాపాడడానికి అసాధారణంగా అయిన ఖర్చును అసలువాని నుండి రాబట్టుకొనే హక్కు అదే చట్టంలో ఉన్నది. కాని మేము ఆ ఖర్చు ఎవరి కోసం పెట్టాము? మాది అనుకొని, మా సంతోషం కోసం పెట్టుకొన్నాము. తెలియక పరుల పొలంలో చెట్టు నాటినవాడు చెట్టును చూసి సంతోషించవచ్చును గాని పొలం అడగరాదు.

మూడవది నాయన చేసిన మేలు. ఆ కెమెరా ఆయన చేతిలో పడబట్టే వందల మంది తల్లులు తమ కొడుకుల ముఖాలు చూశారు. దీనికి జవాబు చెప్పడం కష్టమే. చట్టంలో ఒక ఉదాహరణ ఉన్నది. ఒకడు తన ఆవును మరొకని వద్ద ఉంచితే, అక్కడ అది ఈనితే, ఆవుతోపాటు దూడను కూడా ఇచ్చివేయాలి. అయితే ఫోటోలు దూడవంటివేనా? దూడ ఆవుకు పుట్టింది. ఫోటో కెమెరాకు పుట్టలేదు. కెమెరా, నాయన కన్ను, నిలబడినవాని ముఖము, మూడూ కలిస్తే పుట్టింది. కావున ఫోటోల కూలి నాయనదేనని మేము ఇప్పటికీ అనుకొంటున్నాము. కాని మంచి పనికి వాడినందువల్ల పరుల వస్తువు మనదవుతుందా? అట్లయితే పొరుగువాని ఎద్దుతో విధవరాలి పొలం దున్ని, ఎద్దును ఉంచుకోవచ్చును.

నాలుగవది, మా మనుమడు చెప్పిన మాట. కాలేజీలో చదువుతున్నవాడు గనుక గ్రీకుల కథ చెప్పాడు. థీసియస్ అనే వీరుని ఓడను ఏథెన్సువారు దాచుకొన్నారట. చెక్క పుచ్చినప్పుడల్లా కొత్త చెక్క వేశారట. చెక్కలన్నీ మారిన తరువాత అది ఆ ఓడయేనా అని తత్త్వవేత్తలు వాదించుకొన్నారని ప్లుటార్కు వ్రాశాడు. “తాతా, గ్రీజు మారింది, గొట్టం మారింది, సంచి కుట్లు మారినయి. ఇది ఆయన కెమెరా ఎట్లయితది?” అన్నాడు. మేము నవ్వి, మన ఎడ్లబండిని తలచుకోమన్నాము. చక్రాలు మారుతాయి, ఇరుసు మారుతుంది, కాడి మారుతుంది. అయినా ఊరిలో ఎవరి బండి అంటే ఎవరి పేరు చెబుతారు? కర్రను బట్టి కాదు, ఎవరి వాకిట్లో నుండి ఎవరి చేతికి వచ్చిందన్న లెక్కను బట్టి చెబుతారు. వస్తువు ఎవరిదన్న ప్రశ్నకు జవాబు వస్తువు లోపల లేదు, మనుషుల మధ్య ఉన్నది.

అమెరికాలోని చికాగో నగరంలో వివియన్ మేయర్ అనే ఆమె పిల్లల ఆయాగా పనిచేస్తూ, ఎవరికీ చూపకుండా వేల ఫోటోలు తీసి దాచుకొన్నది. సామాను పెట్టిన గది అద్దె కట్టలేకపోతే 2007లో ఆ పెట్టెలు వేలంలో పోయాయి. 2009లో ఆమె చనిపోయింది. తరువాత ఆ ఫోటోలకు లోకమంతటా పేరు వచ్చింది. పెట్టెలు కొన్నవారివా, దూరపు బంధువులవా ఆ బొమ్మల హక్కులు అని 2014లో కోర్టుకెక్కారు. అద్దె బాకీ చిన్నది. ఆ బాకీ వెంట వెళ్ళినది ఒక మనిషి జీవితమంతా చూసిన చూపు. చిన్న బాకీలకు పెద్ద వస్తువులు పోవడం పేదల యిండ్లలో కొత్త సంగతి కాదు. అందుకే కాబోలు, పేదవాని వస్త్రము తాకట్టు పెట్టుకొంటే ప్రొద్దు గూకకముందే తిరిగి ఇవ్వాలని మోషే ధర్మశాస్త్రము అంత చిన్న సంగతిని కూడా విడువక చెప్పింది.

ఐదవ కారణమే అన్నిటికన్న బరువైనది. ఇచ్చివేస్తే నాయన తప్పు చేశారని ఒప్పుకొన్నట్లే గదా? ఆయన ఒక్క ఉత్తరం వ్రాశారు. బల్లార్షాలో బండి ఎక్కితే మధ్యాహ్నానికి చేరే ఊరు. ఎందుకు వెళ్ళలేదు? మాకు తెలియదు. అప్పుడు మేము ముగ్గురం చిన్నవాళ్ళం. సెలవు దొరకలేదేమో, టికెట్టుకు డబ్బు లేదేమో, లేక కెమెరా మీద మనస్సు పడిందేమో. కాని కాగితాన్ని చింపివేయక, కెమెరా సంచిలోనే కుట్టి పెట్టింది కూడా ఆయనే. మరచిపోదలచినవాడు అట్లా చేయడు. తాను చేయలేకపోయిన పనిని వెనుకవారికి కనబడేచోట పెట్టారని మేము అర్థం చేసుకొన్నాము. తమ్మునికి అదే చెప్పాము: “తండ్రి తప్పు కొడుకుకు రాదురా. తండ్రి మిగిల్చిన పని వస్తుంది.” వాడు ఒప్పుకోలేదు. అడ్డు కూడా చెప్పలేదు. చెల్లెలు మాత్రం “ఇచ్చెయ్యి అన్నా, రాత్రి నిద్ర పడుతది” అన్నది.

వెదకడం మొదలుపెట్టాము. కాగితంలో ఉన్న ఊరు ఇప్పుడు లేదు. గోదావరి మీద శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం కట్టినప్పుడు మునిగిన ఊళ్ళలో అదొకటి. జనం పునరావాస కాలనీకి తరలిపోయారు. మంచిర్యాలలో ఉన్న బంధువుల ద్వారా, వారికి తెలిసినవారి ద్వారా అడిగించగా ఏడాదికి ఆచూకీ తెలిసింది. ఆయన కూతురు ఉన్నది, మాకంటె నాలుగైదేండ్లు పెద్దది. 2024 జనవరిలో మేము, మా ఇల్లాలు బయలుదేరాము. కెమెరాతోపాటు ఇంకొకటి తీసుకొనిపోయాము. నాయన నెగెటివుల డబ్బాలో, 1963 అని వ్రాసిన కవరులో, ఒక మనిషి బొమ్మ ఉన్నది. గని క్వార్టరు ముందు తలపాగాతో నవ్వుతూ నిలబడిన మనిషి. కవరు మీద ఆయన పేరే ఉన్నది. తాకట్టుకు తీసుకొన్న కెమెరాతో నాయన తీసిన మొదటి ఫోటో, ఆ కెమెరా యజమానిదే. దానిని పెద్దది చేయించి ఫ్రేము కట్టించాము.

ఆమె ఇంటి ముందు మంచం వేసి కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. మేము కాగితం తీసి చదివి వినిపించాము. మీ నాయన మా నాయన దగ్గర అరవై రూపాయలు తీసుకొన్నారు అనగానే ఆమె మధ్యలోనే అందుకొన్నది.

“ఎరుకే తమ్మీ. మా అవ్వ సచ్చేదాక చెప్పేది. చాందాల మనకు అరవై రూపాయల బాకీ ఉన్నది, మీ నాయన తీర్చకుండనే పాయె అని. నాకు తొమ్మిదేండ్లప్పుడు జరమొచ్చి పోయిండు. నా తర్వాత పుట్టిన తమ్మునికి పాణం బాగలేకపోతే తెచ్చిండట ఆ పైసలు. కెమెరా పెట్టిండని మాత్రం అవ్వ చెప్పలే.”

మాకు నోట మాట రాలేదు. అరవై యేండ్లు వారు బాకీని దాచుకొన్నారు, మేము వస్తువును దాచుకొన్నాము. వారికి తాము అప్పులవాళ్ళమని మాత్రమే తెలుసు. ఆ అప్పుకు మించిన వస్తువు తమదే ఒకటి మా యింట ఉన్నదని తెలియదు. మౌనంగా ఊరుకొన్న యేండ్లన్నీ మేము ఆ తల్లిచేత ఒక అవమానాన్ని మోయించాము. కెమెరా ఇవ్వకపోవడంకన్న అది పెద్ద తప్పని అప్పుడు అర్థమయింది.

ఫోటో చేతికి ఇచ్చాము. ఆమె దానిని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. వారి యింట ఆయన ఫోటో ఒక్కటి కూడా లేదట. “నవ్వుతున్నడు” అన్నది. అంతే. చాలాసేపటికి లేచి లోపలికి వెళ్ళి, కొంగున ముడి విప్పుకొంటూ వచ్చి నూరు రూపాయల నోటు మా చేతిలో పెట్టింది. మేము వద్దన్నాము. “వద్దంటే ఎట్లయితది తమ్మీ? బాకీ మాది. నలభై వాపసియ్యి” అన్నది.

మా ఇల్లాలు సంచిలో వెదకి నాలుగు పది రూపాయల నోట్లు ఇచ్చింది. అప్పుడు ఆమె రెండు చేతులతో కెమెరాను అందుకొన్నది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. దారి పొడుగునా మేము లోలోపల ఒకటి ఆశించాము. ఆమె పెద్ద మనస్సుతో “మీ దగ్గరనే ఉండనీ” అంటుందని, అప్పుడు కెమెరా నిజంగా మాదవుతుందని. ఆమె అట్లా అనలేదు. అననక్కరలేదు కూడా. తిరిగి ఇవ్వడానికి వెళ్ళి, తీసుకోవద్దని కోరుకోవడం ఇవ్వడం కాదు. అది పుచ్చుకోవడానికి ఇంకొక దారి. పాలిటెక్నిక్ చదువుతున్న ఆమె మనుమనికి రోలు ఎక్కించడం, ఎర్ర కిటికీలో అంకె చూడడం, వానాకాలంలో తేమ పట్టకుండా దాచడం చూపించాము. బాగుచేయించిన ఖర్చు మాట ఎత్తలేదు. బండి ఎక్కిన తరువాత మా ఇల్లాలు “కనీసం సంచి కుట్టించిన డబ్బయినా అడగకపోయారా?” అని నవ్వింది. మాకు నవ్వు రావడానికి సిర్పూరు కాగజ్‌నగర్ దాటవలసి వచ్చింది.

ప్రియ పాఠకులారా, ఊరు విడిచి వచ్చినవారి చరిత్ర అంతా చేబదుళ్ళతో నిండినదే. ఎవరో ఇచ్చిన టికెట్టు డబ్బుతో వచ్చాము, ఎవరి గదిలోనో తల దాచుకొన్నాము, ఎవరి పాత్రలోనో వండుకొన్నాము. కొన్ని తీర్చాము, కొన్ని తీర్చలేకపోయాము. మన పిల్లలకు ఇల్లు, నగలు, పొలం కాగితాలు అప్పగించేటప్పుడు ఆ లెక్క కూడా చెప్పి అప్పగించడం మంచిదని మా మనవి. చెప్పకపోతే వారు మంచివారై ఉండీ పరుల సొమ్మును తమదనుకొని ప్రేమిస్తారు. ప్రేమించిన తరువాత విడువడం ఎంత కష్టమో మేము చూశాము. మీ యిండ్లలో పాత సంచులుంటే కుట్లు విప్పి చూడండి. చిరునామా దొరికితే, ఆలస్యమైనా, బయలుదేరండి. అవతలివారు బాకీ గుర్తు పెట్టుకొని ఎదురుచూస్తూ ఉండవచ్చును.

ఆ అరవై రూపాయలు నాయన ఆస్తి గనుక ముగ్గురమూ తలా ఇరవై పంచుకొన్నాము. చెల్లెలు తన వాటాను కానుక సంచిలో వేసింది. తమ్మునికి కవరులో పెట్టి పంపించాము. వాడు దాని గురించి ఇంతవరకు ఒక్క మాట అనలేదు. పోయిన నెల మరదలు ఫోనులో చెప్పింది, ఆ కవరు వాని బైబిలులోనే ఉన్నదట, రెండు పది నోట్లతో సహా.

ఇట్లు,
సంఘ పెద్దలలో ఒకరు,
చంద్రపూర్